అక్టోబర్ చివర్లో అమెరికా ఎడారి పార్కులు, అమ్మానాన్నలతో రోడ్ ట్రిప్: ఈ ప్లాన్‌లో ఏది తీసేయాలి?

కొత్తకారు_కిషోర్
అక్టోబర్ చివరి వారంలో రెండు వీకెండ్‌లు కలిపి 9 రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. నాన్నకి మోకాళ్ళ నొప్పి. చదునైన దారి అయితే మైలు దాకా నడుస్తారు, ఎక్కడం దిగడం అంటే కష్టం. వేగాస్‌లో దిగి మినీవ్యాన్ అద్దెకి తీసుకుంటాం.

అనుకున్న రూటు: వేగాస్, డెత్ వ్యాలీ, మళ్ళీ వేగాస్ మీదుగా జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, మోయాబ్ (ఆర్చెస్, కేనియన్‌లాండ్స్), మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్, గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), వేగాస్. మ్యాప్ ప్రకారం చాలా రోజులు మూడు గంటలకి మించి డ్రైవ్ లేదు. కానీ మా ఆవిడ ఇది చూసి "మనం పార్కులు చూడ్డానికి వెళ్తున్నామా, పార్సిళ్ళు ఇవ్వడానికా" అంది. హోటళ్ళు ఈ వారంలోనే బుక్ చేయాలి, టెన్షన్‌గా ఉంది. ఏదో ఒకటి తీసేయాలని తెలుసు. ఏది?

రాళ్ళపిచ్చి_రవి
ముందు మీ ఆవిడ మాట వినండి. మిగతాది తర్వాత చూద్దాం.

స్టీరింగ్_శాస్త్రి
మీ రూటు మొత్తం కలిపితే 1,400 మైళ్ళు దాటుతుంది. మ్యాప్ చెప్పే గంటల్ని ఈ రోడ్ల మీద నమ్మొద్దు, ఎందుకంటే ఇక్కడ రోడ్డే చూడాల్సిన చోటు. బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్ దగ్గరి టోరీ దాకా 12వ హైవే ఉంది కదా, 115 మైళ్ళు. మ్యాప్‌లో రెండున్నర గంటలు. ఎస్కలాంటే దాటాక హాగ్‌బ్యాక్ అనే చోట రోడ్డు సన్నటి కొండ శిఖరం మీద పోతుంది. రెండు పక్కలా లోయ, అంచున రెయిలింగ్ కూడా లేదు. ఆ తర్వాత బౌల్డర్ మౌంటెన్ మీద 9,600 అడుగుల ఎత్తు దాకా ఎక్కి దిగాలి. ఆగి చూసుకుంటూ పోతే పూట మొత్తం పడుతుంది. ఆగకుండా పోయేవాళ్ళు ఆ రోడ్డు ఎక్కడం దండగ.

ఇంకో సంగతి ఎవరూ లెక్కలో వేసుకోరు. అక్టోబర్ ఆఖరికి పగలు 11 గంటలకి కాస్త తక్కువ. పాపని, పెద్దవాళ్ళని తయారు చేసి బయటపడేసరికి తొమ్మిదిన్నర. యూటాలో సాయంత్రం ఆరున్నరకి పొద్దు కూకుతుంది. చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద జింకలు అడ్డం వస్తాయి, నడపొద్దు. అంటే మీ చేతిలో ఉన్నది రోజుకి తొమ్మిది గంటలు. అందులో నాలుగు కారుకి ఇచ్చేస్తే ఏం మిగులుతుంది?

డెత్ వ్యాలీ తీసేయండి. వేగాస్‌కి అది పడమర, మిగతావన్నీ తూర్పు.

బ్యాడ్‌వాటర్_బాబు
శాస్త్రి గారు, తీసేయమనే నేనూ అంటాను కానీ దిక్కు కోసం కాదు. డెత్ వ్యాలీని సగం పూటలో చూసి వచ్చేయడం నాకు బాధగా ఉంటుంది. బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగుల కింద ఉంది. 1913 జులై 10న ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ రికార్డు అయింది. అలాంటి చోట 2023 ఆగస్టులో హిలరీ తుఫాను తాలూకు వాన పడి రోడ్లు కొట్టుకుపోయాయి, అక్టోబర్ 15 దాకా పార్కు మూసేశారు. తెరిచాక చూస్తే ఉప్పు నేల మీద చెరువు! ఎప్పుడో ఎండిపోయిన లేక్ మ్యాన్లీ మళ్ళీ నీళ్ళతో నిండింది. దీనికి తీరిక కావాలి. పైగా అక్టోబర్ చివర్లో కూడా మధ్యాహ్నం 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. డిసెంబర్‌లోనో జనవరిలోనో విడిగా వెళ్ళండి కిషోర్, పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది.

ప్లానో_పద్మ
డెత్ వ్యాలీతో పాటు గ్రాండ్ కేనియన్, పేజ్ కూడా తీసేయండి. యూటాలోని ఐదు పార్కులూ ప్రశాంతంగా చూడండి. ఆర్చెస్ అంత పెద్దవాళ్ళకి అనుకూలమైన పార్కు ఇంకోటి లేదు. బ్యాలెన్స్‌డ్ రాక్ కారులోంచే కనిపిస్తుంది. విండోస్ అనే రాతి కమానుల దగ్గర చిన్న నడక. డెలికేట్ ఆర్చ్‌కి ఎక్కలేకపోతే లోయర్ వ్యూపాయింట్ పార్కింగ్ పక్కనే. కేనియన్‌లాండ్స్‌లో గ్రాండ్ వ్యూ పాయింట్ కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కాళ్ళ కింద ప్రపంచం కనిపిస్తుంది.

మేసా_మాధవి
పద్మ గారు, మీరు చెప్పిన పార్కులన్నీ నాకు ప్రాణం. కానీ ఆలోచించండి. వాళ్ళ నాన్నగారు ఊరికి తిరిగి వెళ్ళాక బంధువులు అడిగేది ఒకే ఒక్కటి: "గ్రాండ్ కేనియన్ చూశారా?" దానికి 280 మైళ్ళ దూరంలోని వేగాస్ దాకా వెళ్ళి అది చూపించకుండా తీసుకొస్తారా? ఈ వయసులో వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తారో.

నేనైతే మోయాబ్ వైపు తీసేస్తాను. వేగాస్, జయాన్, బ్రైస్, పేజ్, గ్రాండ్ కేనియన్, వేగాస్. చిన్న చుట్టు. బ్రైస్ నుంచి పేజ్ 150 మైళ్ళు, పేజ్ నుంచి సౌత్ రిమ్ 140 లోపు. ఒక్కో చోట రెండేసి రాత్రులు ఉండొచ్చు. ప్రతి పొద్దున పెట్టెలు సర్దే పని ఉండదు. పెద్దవాళ్ళని అలసిపోయేలా చేసేది నడక కాదు, రోజుకో హోటల్.

ప్లానో_పద్మ
బంధువుల కోసం ట్రిప్ వేసుకుంటామా మాధవి గారు?

మేసా_మాధవి
బంధువుల కోసం కాదండీ, నాన్న చెప్పుకుని సంతోషపడడం కోసం. మా మామగారిని తీసుకెళ్ళినప్పుడు చూశాను. మేథర్ పాయింట్‌లో కారు దిగి అంచు దగ్గరికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత రోజూ ఫోన్‌లో ఎవరో ఒకరికి దాని గురించే చెప్పేవారు.

ఉప్మా_వద్దు
మా నాన్నకి గ్రాండ్ కేనియన్ చూపిస్తే "ఇంత పెద్ద గొయ్యి ఎవరు తవ్వారు, ఎంత కాంట్రాక్టు" అని అడిగారు. సివిల్ ఇంజనీరు మరి.

రాళ్ళపిచ్చి_రవి
కాంట్రాక్టరు కొలరాడో నది. పని 50, 60 లక్షల ఏళ్ళుగా నడుస్తోంది, బిల్లు ఇంకా పెట్టలేదు.

మాధవి గారి చిన్న చుట్టుకి నా ఓటు. కారణం రాళ్ళు. గ్రాండ్ కేనియన్, జయాన్, బ్రైస్ మూడూ ఒకే మెట్ల వరుస. గ్రాండ్ స్టెయిర్‌కేస్ అంటారు. గ్రాండ్ కేనియన్ అంచున మీరు నిలబడే తెల్లటి కైబాబ్ సున్నపురాయి జయాన్‌లో అన్నిటికంటే అడుగున ఉంటుంది. జయాన్‌లో అన్నిటికంటే పైన ఉన్న పొరలు బ్రైస్‌లో అడుగుకి పోతాయి. ఈ మూడూ చూస్తే భూమి కథలో ఒక పెద్ద ముక్క వరసగా చదివినట్టే. మీరు బ్రైస్ నుంచి గ్రాండ్ కేనియన్‌కి వెళ్తారు కాబట్టి కొత్త రాళ్ళ నుంచి పాత రాళ్ళకి దిగుతూ పోతారు. పాపకి ఈ ముక్క చెప్పండి, ప్రతి చోటా "ఇది ఎన్నో మెట్టు" అని అడుగుతుంది.

అమ్మానాన్నలకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. గ్రాండ్ కేనియన్ అడుగున ఉన్న నల్లటి రాతి పేరు విష్ణు షిస్ట్, వయసు 170 కోట్ల ఏళ్ళ పైన. లోపల నిలబడ్డ శిఖరాల్లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ ఉన్నాయి. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇలా తూర్పు దేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. యావపై పాయింట్‌లో జియాలజీ మ్యూజియం ఉంది, అక్కడి నుంచి బ్రహ్మ టెంపుల్ కనిపిస్తుంది. హోపి పాయింట్ నుంచి శివ టెంపుల్.

కొత్తకారు_కిషోర్
రవి అన్నా, ఇది చదివి వినిపించాను. నాన్న అప్పుడే మ్యాప్ ప్రింట్ తీయమన్నారు. గ్రాండ్ కేనియన్ ఇక తీసే ప్రసక్తే లేదు. డెత్ వ్యాలీ పోయింది. మోయాబ్ గురించి ఇంకా మనసు పీకుతోంది. పార్కులన్నిటికీ పాస్ ఒక్కటి కొంటే చాలా? చలి ఎలా ఉంటుంది? నాకు ఎడారి అంటే ఎండే గుర్తొస్తుంది.

చిల్లర_లెక్క
జయాన్, బ్రైస్, గ్రాండ్ కేనియన్ ఒక్కో దానికి కారుకి 35 డాలర్లు. మూడూ కలిపి 105. 80 డాలర్ల యాన్యువల్ పాస్ నయం, ఏడాదంతా పనికొస్తుంది.

అయితే కొత్త రూలు తెలుసుకోండి. 2026 జనవరి 1 నుంచి ఆ 80 ధర అమెరికాలో ఉండేవాళ్ళకే, బయటి దేశాల వాళ్ళకి పాస్ 250. పాస్ లేని నాన్ రెసిడెంట్‌కి 16 ఏళ్ళు నిండితే మనిషికి ఇంకో 100 డాలర్లు అదనం, 11 పార్కుల్లో. మీరు వెళ్ళే జయాన్, బ్రైస్, గ్రాండ్ కేనియన్ మూడూ ఆ పదకొండులో ఉన్నాయి. పాస్ మీ పేరు మీద కొనండి, ఫోటో ఐడీ దగ్గర పెట్టుకోండి. ఒకే కారులో వచ్చే విజిటర్ల గురించి నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో ఉన్నది కొనేముందే చదివి, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. గేటు దగ్గర సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు.

ఈ పాస్ పేజ్ దగ్గరి హార్స్‌షూ బెండ్ (కొలరాడో నది గుర్రపు లాడంలా వంపు తిరిగే చోటు) పార్కింగ్‌కి చెల్లదు, అది ఊరి మున్సిపాలిటీది. మాన్యుమెంట్ వ్యాలీకి, యాంటిలోప్ కేనియన్ అనే ఇరుకు రాతి లోయకి కూడా చెల్లదు, అవి నవాహో అనే స్థానిక అమెరికన్ తెగ వాళ్ళ భూములు.

ప్లానో_పద్మ
ఆ పదకొండులో ఆర్చెస్ లేదు, కేనియన్‌లాండ్స్ లేదు, క్యాపిటల్ రీఫ్ లేదు. ఊరికే చెప్తున్నా.

థర్మల్_తాయారు
కిషోర్ గారు, చలి గురించి అందరూ చివర్లో ఆలోచిస్తారు, అదే ఇబ్బంది. బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్టోబర్ చివర్లో రాత్రి గడ్డకట్టే చలి, మంచు కూడా పడొచ్చు. అదే రోజు మధ్యాహ్నం జయాన్ లోయలో పొట్టి చేతుల చొక్కాతో తిరగొచ్చు. ఎత్తు తేడా అంతే. అసలు బ్రైస్‌లో ఆ రాతి స్తంభాలు అలా తయారైంది ఈ చలి వల్లే. ఏడాదిలో సుమారు 170 రోజులు నీళ్ళు పగటిపూట కరిగి పగుళ్ళలోకి దిగి, రాత్రి గడ్డకట్టి రాయిని చీలుస్తాయి.

పెద్దవాళ్ళకి థర్మల్స్, మంకీ క్యాపు, గ్లోవ్స్ తప్పనిసరి. ఆ ఎత్తులో కొంచెం నడిచినా ఆయాసం వస్తుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళయితే బయల్దేరేముందు డాక్టర్‌తో మాట్లాడండి. సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా అర మైలు తారు దారి ఉంది, దాదాపు చదును. మీ నాన్నగారికి సరిగ్గా సరిపోతుంది. మీరిద్దరూ వంతులేసుకుని నవాహో లూప్ కాలిబాట దిగి రండి.

నేరోస్_నరేష్
జయాన్‌లో ఏంజెల్స్ లాండింగ్ కొండ ఎక్కాలనే ఆశ ఉంటే 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పర్మిట్ ఉండాలి. పాపతో, పెద్దవాళ్ళతో అడగకపోవడమే మంచిది. సీనిక్ డ్రైవ్‌లోకి ఆ నెలలో సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ ఎక్కాలి. ఆఖరి స్టాప్ టెంపుల్ ఆఫ్ సినవావా. అక్కడి నుంచి రివర్‌సైడ్ వాక్, రానూ పోనూ 2.2 మైళ్ళు. నది పక్కనే సాఫీగా ఉంటుంది, నాన్నగారు ఓపిక ఉన్నంత దూరం వెళ్ళి వెనక్కి తిరగొచ్చు. అక్టోబర్ ఆఖరికి లోయలో కాటన్‌వుడ్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి, ఎర్ర గోడల ముందు ఆ రంగు చూడాలి!

దారి అయిపోయిన చోట నీళ్ళలోకి దిగి నడిచేదే నేరోస్. ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే మూసేస్తారు. వాన సూచన ఏ కొంచెం ఉన్నా దిగొద్దు. మన నెత్తి మీద ఎండ ఉన్నా ఎక్కడో పైన పడ్డ వాన ఇరుకు లోయలోకి గోడలా వచ్చేస్తుంది. 1997 ఆగస్టులో లోయర్ యాంటిలోప్ కేనియన్‌లో 11 మంది, 2015 సెప్టెంబర్‌లో జయాన్ కీహోల్ కేనియన్‌లో ఏడుగురు ఇలాగే పోయారు. వానాకాలం సెప్టెంబర్‌తో తగ్గుతుంది కానీ శరదృతువులో తుఫాన్లు రావని కాదు. రోజూ పొద్దున విజిటర్ సెంటర్‌లో ఫ్లాష్ ఫ్లడ్ అంచనా అడగండి.

కిషోర్_వాళ్ళావిడ
ఈ థ్రెడ్ నాకు ఇప్పుడు చూపించారు. నా పక్కన నిలబడ్డ అందరికీ థాంక్స్. ఎవరూ రాయని విషయం అడుగుతాను. బాత్రూములు? అత్తయ్యకి షుగర్ ఉంది, గంటన్నరకోసారి ఆగాలి. ఇంకొకటి, షటిల్ బస్సు ఎక్కడానికి మామయ్య మోకాళ్ళు సహకరిస్తాయా?

మేసా_మాధవి
చాలా మంచి ప్రశ్న అమ్మా. పార్కుల్లో ముఖ్యమైన స్టాప్‌ల దగ్గర బాత్రూములు ఉంటాయి, కొన్ని చోట్ల నీళ్ళు లేని వాల్ట్ టాయిలెట్లు. టిష్యూలు, శానిటైజర్ మీ దగ్గరే పెట్టుకోండి. ఇబ్బంది పార్కుల మధ్యే. పేజ్ నుంచి సౌత్ రిమ్ దారిలో క్యామరన్‌లో తప్పకుండా ఆగండి. కారులో అత్తగారికి బిస్కెట్లు, ఏదైనా తీపి చేతికి అందేలా ఉంచండి.

షటిల్స్‌లో ర్యాంపు ఉంటుంది, డ్రైవర్‌ని అడిగితే వేస్తారు. గ్రాండ్ కేనియన్‌లో ఇంకా మంచి ఏర్పాటు ఉంది. హెర్మిట్ రోడ్డు నవంబర్ చివరి దాకా బస్సులకే, కానీ నడవలేని వాళ్ళు కారులో ఉంటే సీనిక్ డ్రైవ్ యాక్సెసిబిలిటీ పర్మిట్ ఇస్తారు. గేటు దగ్గరే అడగండి. హోపి పాయింట్‌కి మీ వ్యాన్‌లోనే వెళ్ళొచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు, మన పెద్దవాళ్ళు "ఎందుకులే" అనే రకం, మనమే అడగాలి.

గంట_తేడా
టైమ్ జోన్ గురించి ఒక మాట. నెవాడా నుంచి యూటాలోకి వెళ్తే గంట ముందుకి. అరిజోనాలో డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకి జరపడం) లేదు, కాబట్టి అక్టోబర్‌లో పేజ్ యూటా కంటే గంట వెనక. నవాహో నేషన్ అరిజోనాలోనే ఉన్నా డేలైట్ సేవింగ్ పాటిస్తుంది. అందుకని పేజ్ చుట్టుపక్కల ఫోన్ గడియారం ముందుకీ వెనక్కీ గెంతుతుంది. యాంటిలోప్ టూర్లు మాత్రం అరిజోనా టైమ్ ప్రకారమే. ఆ రోజుకి చేతి గడియారం పెట్టుకోండి.

ఉప్మా_వద్దు
మా అత్తయ్య పేజ్‌లో ఈ గడియారం గొడవ చూసి "ఇక్కడ కాలం కూడా మనిషికో రకంగా ఉందే" అంది.

కొత్తకారు_కిషోర్
ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం. వేగాస్ ఒక రాత్రి, జయాన్ రెండు, బ్రైస్ రెండు, పేజ్ ఒకటి, గ్రాండ్ కేనియన్ రెండు. బ్రైస్‌లో రెండో రోజు 12వ హైవే మీద బౌల్డర్ ఊరి దాకా వెళ్ళి వెనక్కి వస్తాం, శాస్త్రి గారు చెప్పిన హాగ్‌బ్యాక్ చూసినట్టు ఉంటుంది. మోయాబ్ మేమిద్దరం తర్వాత ఎప్పుడైనా. పద్మ గారు కోప్పడకండి.

ప్లానో_పద్మ
కోపం లేదు, బెంగ. వెళ్ళినప్పుడు ఒక్క విషయం. మోయాబ్ చుట్టూ నేల మీద నల్లగా గరుకుగా ఒక పొర కనిపిస్తుంది. అది మట్టి కాదు, ప్రాణం ఉన్న పొర. సయనోబాక్టీరియా, నాచు కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగు వేస్తే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఫోటో కోసం దారి దిగేవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది. పాపకి ఇప్పటి నుంచే నేర్పండి.

బ్యాడ్‌వాటర్_బాబు
గ్రాండ్ కేనియన్ నార్త్ రిమ్ అయితే బ్రైస్ నుంచి దగ్గర కదా? జనం కూడా తక్కువ.

మేసా_మాధవి
2025 జులైలో డ్రాగన్ బ్రావో మంటల్లో అక్కడి లాడ్జి కాలిపోయింది బాబు గారు. మామూలు ఏడాదిలో కూడా అక్టోబర్ 15తో అక్కడ సర్వీసులు ఆగిపోతాయి. పెద్దవాళ్ళతో సౌత్ రిమ్మే.

స్టీరింగ్_శాస్త్రి
కొత్త ప్లాన్ బాగుంది. జయాన్ నుంచి బ్రైస్‌కి 9వ రూటు మీద తూర్పు గేటు గుండా వెళ్ళండి. 1930లో తెరిచిన 1.1 మైళ్ళ సొరంగం వస్తుంది, కొండలో తొలిచిన కిటికీల్లోంచి వెలుగు పడుతుంటుంది. పాపని నిద్రపోనివ్వకండి. అవతల చెకర్‌బోర్డ్ మేసా అనే గళ్ళగళ్ళ కొండ.

పేజ్ నుంచి వచ్చేటప్పుడు డెజర్ట్ వ్యూ గేటు నుంచి సౌత్ రిమ్‌లోకి దిగండి. మేరీ కోల్టర్ డిజైన్ చేసిన 1932 నాటి వాచ్‌టవర్ మొదటే వస్తుంది. సగం ట్యాంకు అయితే పెట్రోలు కొట్టించండి, ఇంకో ఊళ్ళో చూద్దాం అనుకోవద్దు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన నీళ్ళు. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

అద్దె కాగితాల్లో మట్టిరోడ్ల గురించి ఏం రాశారో చదవండి. మా తమ్ముడు ఒక మట్టిరోడ్డులో టైరు పేలితే టో ఖర్చు మొత్తం తనే పెట్టుకోవాల్సి వచ్చింది, ఇన్సూరెన్స్ వర్తించదన్నారు.

ఉప్మా_వద్దు
తిండి సంగతి నాకు వదిలేయండి. ఈ చిన్న ఊళ్ళలో రెస్టారెంట్లు పెందలాడే మూసేస్తారు, శాకాహారులకి దొరికేది తక్కువ. మొదటి రెండు రోజులకి పులిహోర, చపాతీలు. తర్వాత చిన్న రైస్ కుక్కర్, పచ్చళ్ళు, పొడులు, కూలర్‌లో పెరుగు. కిచెన్ ఉన్న రూములు వెతకండి, వేగాస్‌లోనే సరుకులన్నీ కొనేయండి. పోపు మాత్రం రూములో వద్దు, పొగ అలారం మోగితే హోటల్ మొత్తం మీ ఇంగువ వాసన పీల్చుకుంటూ పార్కింగ్‌లో నిలబడుతుంది. ఉడతలకి ఒక్క మెతుకు కూడా వేయొద్దు, చట్టం ఒప్పుకోదు, పైగా కరుస్తాయి.

కిషోర్_వాళ్ళావిడ
యాంటిలోప్ కేనియన్‌లో అప్పర్, లోయర్ అని రెండు ఉన్నాయి. మామయ్యకి ఏది?

నేరోస్_నరేష్
లోయర్‌లో నిటారు ఇనప మెట్లు, అది వద్దు. అప్పర్ లోపల నేల చదును, కానీ బయటికి వచ్చాక తిరిగి రావడానికి మెట్లు, ర్యాంపులు ఎక్కాలి. గైడ్ లేకుండా ఏదీ చూడనివ్వరు, టూరు ముందే బుక్ చేయాలి. మోకాళ్ళు బాగా నొప్పిగా ఉంటే అది వదిలేసి హార్స్‌షూ బెండ్‌కి వెళ్ళండి. దారి వెడల్పుగా, వీల్‌చెయిర్ వెళ్ళేలా వేశారు, రానూ పోనూ మైలున్నర లోపు. నీడ ఉండదు, పొద్దున్నే వెళ్ళండి.

కిషోర్_వాళ్ళావిడ
మామయ్యని అడిగాను. హార్స్‌షూ బెండ్ అన్నారు. మైలు దాటినా మధ్యలో కూర్చుంటూ నడుస్తారట. మడత కుర్చీ ఒకటి కొంటున్నాం.

కొత్తకారు_కిషోర్
గ్రాండ్ కేనియన్‌లో పార్కు లోపల రూములు దొరకలేదు, గేటు బయట టుసాయన్‌లో బుక్ చేశాను. బ్రైస్‌వి కూడా అయిపోయాయి. జయాన్‌కి స్ప్రింగ్‌డేల్ రేట్లు చూసి ఆగాను.

చిల్లర_లెక్క
దగ్గరి ఊళ్ళు కనాబ్ గానీ హరికేన్ గానీ చూడండి, స్ప్రింగ్‌డేల్ కంటే తక్కువ. కానీ రోజూ రానూ పోనూ డ్రైవ్, పైగా పార్కింగ్ కోసం పొద్దున్నే పరుగు. స్ప్రింగ్‌డేల్‌లో ఉంటే ఊళ్ళోనే షటిల్ ఎక్కొచ్చు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ ఒక్క చోట డబ్బు చూసుకోకండి.

కొత్తకారు_కిషోర్
సరే, స్ప్రింగ్‌డేల్ బుక్ చేశాను. కింది అంతస్తు రూములు అడిగాను, ఇచ్చారు.